అడగని మాటలు

"నువ్వు చెప్పలే జ్యోతీ. చెప్తే నాకు యాదికుండదా?" మా ఆయన మధు మూడోసారి అన్నాడు.

"ఆదివారం చెప్పిన. సోమవారం చెప్పిన. నిన్న నువ్వు పల్లీలు తింటుంటే గూడ చెప్పిన, శుక్రవారం నాకు పరీక్ష అని."

"పల్లీలు యాదికున్నయి," అని నవ్వాడు. మామ లచ్చయ్య కూడా నవ్వాడు. అత్తమ్మ పత్తి వత్తులు చేసుకుంటూ, "మధు దోస్తులొస్తరట, జర చాయ్ పెట్టు బిడ్డా," అంది.

సకల జనుల సమ్మె మొదలై మూడు వారాలు. మధు ఆఫీసుకు తాళం పడింది. ఎల్బీనగర్‌లో బస్సులు ఆగిపోయాయి. మా పొయ్యి ఒక్కటే డ్యూటీలో ఉంది. ఉద్యమం మీద నాకు కోపం లేదు, శిబిరంలో పాటలకు నేనూ గొంతు కలిపాను. కానీ సకల జనుల్లో నేను ఎక్కడున్నానో నాకు తెలియలేదు. చాయ్ ఫ్లాస్కులో పోసి, పరీక్షకు దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిచాను.

నలభై దాటాక కంప్యూటర్ కోర్సులో చేరింది మా బ్యాచిలో నేనొక్కదాన్నే. పొడుగాటి వాక్యంలోంచి కావలసిన మాటలు మాత్రమే ఏరే స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రాము, రాయడం ఆ రోజు పరీక్ష. నేర్చుకునే రోజుల్లో మాటలు వెతికే గ్రెప్ కమాండు కొడితే నాకు వాక్యమంతా వచ్చేసేది. పక్కన మైనస్ ఓ పెట్టాలని సూర్యప్రభ మేడమ్ చూపించింది. అప్పుడు అడిగిన మాటలే ఒకదాని కింద ఒకటి రాలాయి.

"మరి మిగిలినవి ఏమైనయి మేడమ్?"

"ఏమీ కాలేదండీ. అక్కడే ఉంటాయి. మీరు అడగలేదు కాబట్టి చూపించదు."

మేడమ్ ఆ మాట అన్నప్పుడే నాకు మా ఇల్లు అర్థమైంది. 'శుక్రవారం పరీక్ష ఉంది, చాయ్ ఫ్లాస్కులో పెడత' అంటే, పదహారేళ్లుగా అక్కడ బయటికొచ్చేది చాయ్ ఒక్కటే. మధు అబద్ధమాడలేదు. అతనికి వినపడిందే అంత.

పరీక్షలో నా స్క్రిప్టు మొదటిసారికే నడిచింది. మేడమ్ చూసి, "పొద్దుటి బ్యాచికి మీరే పాఠాలు చెప్పకూడదాండీ?" అంది. కొత్తపేట మీదుగా తిరిగి నడుస్తున్నంతసేపూ మాటలు ఏరుకున్నాను.

సాయంత్రం అందరూ అన్నానికి కూర్చున్నారు.

"చాయ్," అన్నాను. ముగ్గురూ తలెత్తారు. "టిఫిన్. ఇస్త్రీ. సోమవారం నుంచి పొద్దుటి పూట ఇవేవీ నేను చెయ్య. ఏడు గంటలకు దిల్‌సుఖ్‌నగర్‌ల క్లాసు చెప్పనీకి పోతున్న. జీతమిస్తరు."

మామ మధు వైపు చూశాడు. అత్తమ్మ కంచం పక్కకు జరిపి నన్ను అడిగింది.

"అయితే శుక్రవారం పరీక్ష అంటివి గద బిడ్డా, గది పాసైనట్టేనా?"