గుంటలో కాళ్లు

అమీర్‌పేటలో నేతగాళ్ల గల్లీకి కోడికూతతో పని లేదు. అంబదాసు మగ్గం మోగిందంటే తెల్లారినట్టే. పొద్దున్నే మగ్గం కింది గుంటలో కాళ్లు దించి కూర్చుంటే, పోగు కంటికి ఆననప్పుడే మళ్లీ లేవడం. ముప్పై ఐదేళ్లుగా ఇదే వరస. ఆయన నేసే చీర అంచుల పేరు పంజగుట్ట నవాబుల దేవిడీల దాకా పాకింది. ఒకసారి నేసిన అంచు మళ్లీ నేసేవాడు కాదు. చిలకలు, మామిడి పిందెలు, వానకు తడిసిన గుట్టబండలు, ఏది కంటపడితే అది చీర మీదికి ఎక్కేది. ఎవరైనా మెచ్చుకుంటే మర్నాడు ఇంకో గంట ఎక్కువ కూర్చునేవాడు. పొగడ్తకు ఆయనకు తెలిసిన మర్యాద అదొక్కటే.

భార్య కమలవ్వ పక్కనే రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. పిల్లలు కలగలేదు. ఆమె కోరికల్లా మొగుడు ఒక్క పూట ఏ పనీ లేకుండా తన దగ్గర కూర్చోవాలని. అమావాస్యకు గల్లీలో మగ్గాలన్నీ ఆగుతాయి కదా అంటారేమో, ఆ రోజు ఆయన బొగ్గుముక్క పట్టుకుని గోడ మీద కొత్త అంచులు గీసేవాడు.

జర్మనీ లడాయి మొదలైన మరుసటేడు అంబదాసు దగ్గితే రక్తం పడింది. పంజగుట్ట హకీము ఛాతీకి చెవి ఆనించి విని, మూడు నెలలు మగ్గం గుంటలో దిగొద్దన్నాడు. దిగితే నాలుగో నెలలో నలుగురూ మోసుకెళ్లి ఇంకో గుంటలో దించుతారని కూడా చెప్పాడు. కమలవ్వ మొహం వెలిగింది. హకీము మాట ఏదైనా ఆమెకు వినబడింది మాత్రం మూడు నెలలన్న ముక్కే.

వాకిట్లో వేపచెట్టు కింద మంచం వేశారు. మొదటి పూటే ఆయనకు ముద్ద దిగలేదు. నాలుగు వైపులా మగ్గాలు మోగుతుంటే ప్రతి చప్పుడూ తనను తిట్టినట్టే ఉండేది. గల్లీలో మనిషి అలికిడి అయితే చాలు, రాని దగ్గు తెచ్చుకుని దగ్గేవాడు. కంచంలో సగం అన్నం తీసేయమనేవాడు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని ఎవరూ అనకముందే తానే అనేవాడు. కమలవ్వ పక్కన చేరి తన పుట్టింటి సంగతులేవో మొదలుపెడితే ఊ కొడుతూ ఉండేవాడు గానీ, కాళ్లు మాత్రం కింద నేలను తొక్కుతూనే ఉండేవి.

తొమ్మిదో రోజు పొద్దున లేచి చూసుకుంటే మోకాళ్ల కింద కాళ్లు లేవు. అవి ఇంట్లో మగ్గం గుంటలో చెక్కలు తొక్కుతున్నాయి. నొప్పి లేదు, నెత్తురు లేదు. కమలవ్వ ఒకసారి వంగి చూసి, గిన్నెలో నూనె తెచ్చి పిక్కలకు పట్టించింది. అవి ఆగలేదు. పక్కింటి ఎల్లేశం వచ్చి గుంటలోకి తొంగి చూశాడు.

"మా తాతకు సుత గిట్లనే అయింది బావా. గాయనకు చేతులు పోయినయ్. ఫికర్ జెయ్యకు. నీకు మనసార ఉత్తగ కూసోబుద్ధి అయిననాడు అవే వస్తయ్," అని చెప్పి, చుట్ట అడిగి ముట్టించుకుని పోయాడు.

అయితే కాళ్లు ఉత్తినే తొక్కుతుంటే పడుగు పోగులు ఒరుసుకుని తెగుతున్నాయి. ఆ గల్లీలో ఆడవాళ్లు కండెలు చుడతారు, పోగులు అతుకుతారు, పడుగులో అడ్డపోగు నడిపే నాడె మాత్రం పట్టరు. కమలవ్వ పట్టింది. మొగుడి కాళ్లకు పైన, గుంట అంచున కూర్చుని, కాళ్లు చెక్క తొక్కినప్పుడల్లా నాడె విసిరింది. ముప్పై ఏళ్లు చూసిన పనే. సాయంత్రానికి మూరెడు గుడ్డ దిగింది. బయట మంచం మీద ఆ చప్పుడు వింటూ అంబదాసు ఆ రోజు కడుపునిండా తిన్నాడు. నా మగ్గం ఆగలేదు, నేను ఉత్తగ తింటలేను అనుకున్నాడు. అందులో కాస్తయినా నిజం ఉందనే ఆయన నమ్మకం.

రెండు నెలలకు ఆయన దగ్గు తగ్గింది, బుగ్గలు తేరాయి. కాళ్లకు మాత్రం తెలిసింది ఒకటే వేగం, అంబదాసు వేగం. అవి ఆగితే కదా ఆమె ఆగడానికి. కమలవ్వ ఎముకల గూడైంది. ఇప్పుడు దగ్గు ఆమెది. ఆయన చూడకపోలేదు, బాధపడకపోలేదు. కానీ ఊరికే ఉన్నానన్న బాధ కంటే ఈ బాధ మోయడానికి తేలిగ్గా ఉంది. కళ్లు మూసుకుని ఇక చాలు, పని వద్దు అనుకోవాలని చూసేవాడు. అంతలోనే లోపల మగ్గం మోగేది, మంచం మీంచే కేకేసి అంచులో ఇంకో చిలకను వేయమనేవాడు.

ఒకరోజు కమలవ్వ నాడె పక్కన పెట్టి వాకిట్లోకి వచ్చింది.

"నీ కాళ్లను పిలుసుకో అయ్యా. నాతోని ఐతలేదు."

"పిలుస్తనే ఉన్న. వస్తలేవు."

"నువ్వు పిలుస్తలేవు. మగ్గం సప్పుడు ఇనుకుంట పండుకుంటున్నవ్."

నిజం కాబట్టి ఆయనకు కోపం వచ్చింది. ఆమె లోపలికి పోయి మళ్లీ నాడె పట్టింది.

మూడో నెల చివర్లో ఒక మధ్యాహ్నం ఆమె మగ్గం మీదే ఒరిగిపోయింది. ఎల్లేశం, అతని భార్య కలిసి ఆమెను మగ్గం ఇంట్లోనే మంచం మీద పడుకోబెట్టి, అంబదాసును తెచ్చి పక్కన కూర్చోబెట్టారు. హకీము పట్నం పోయాడని తెలిసి ఎల్లేశం అక్కడికే పరుగు తీశాడు. అతని భార్య కషాయానికి ఆకులు ఏరుకురావడానికి గుట్టల వైపు పోయింది. కమలవ్వ చెయ్యి చాపి మొగుడి చెయ్యి పట్టుకుంది.

"జర నా కాడ ఉత్తగ కూసో. గంతే."

కూర్చున్నాడు. గుంటలో కాళ్లు ఉత్తినే తొక్కుతున్నాయి. ఒక పోగు తెగిన చప్పుడైంది, ఆ వెంటనే ఇంకొకటి. ఆయన మెడ దానంతటదే మగ్గం వైపు తిరిగింది. మగ్గం మీది చీరలో నేయాల్సింది ఇంకా జానెడే మిగిలి ఉంది. జానెడు మిగిలిన చీరను ఆపేస్తే ఆ ఇంటి ఆడమనిషికి కీడని నేతగాళ్లలో ఒక నమ్మకం. అది గుర్తుకొచ్చేసరికి అంబదాసుకు ప్రాణం లేచొచ్చినట్టయింది.

"జానెడే ఉన్నది కమలా. ఆపితే నీకే కీడు. తెంపుకొని వస్త," అన్నాడు.

ఆమె తన చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఆయన చేతుల మీద దేకుతూ పోయి తన కాళ్ల మీద తాను కూర్చున్నాడు. మోకాళ్లు అతికినట్టే కుదిరాయి. తెగిన పోగులు ముడేసి నాడె విసిరాడు. మూడు నెలల తర్వాత చేతులకు పని దొరికిన సంతోషంలో ఆయనకు కళ్లు చెమర్చాయి. ఎన్నడూ నేయని అంచు ఒకటి దానంతటదే వచ్చింది, ఒక మొగుడు, ఒక పెళ్లాం, పక్కపక్కన ఊరికే కూర్చున్నారు. ఇది చూపిస్తే కమల మురిసిపోతుందని అనుకున్నాడు. వెనక మంచం మీద దగ్గు వినిపించింది. కొంతసేపటికి అది ఆగిపోతే, నిద్ర పట్టిందిలే అనుకుని ఇంకా చక్కగా నేశాడు.

పొద్దు వాలుతుండగా చీర ముగించి మగ్గం మీంచి తెంపాడు. తెంపగానే కాళ్లు వాటంతట అవే ఆగాయి. ఒళ్లంతా చల్లగా, హాయిగా అనిపించింది. ఇంకేదీ నేయాలని లేదు, ఇంకే అంచూ మనసులోకి రాలేదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆయనకు ఉత్తగ కూర్చోవాలనిపించింది. ఎల్లేశం చెప్పినట్టే కాళ్లు ఆయనతో పాటు గుంటలోంచి లేచి వచ్చాయి. నాలుగడుగులు నడిచి, చీర ఆమె మీద కప్పి, మంచం పట్టె మీద కూర్చున్నాడు.

"వచ్చిన కమలా. ఇగ నాకు ఏం పని లేదు," అని ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు.

ఆమె పోయి అప్పటికే చాలాసేపయింది.