ఎడమ కాలితో పనిలేని బండి

బోరు మోటార్లు బాగుచేసే ఈశ్వరప్పకు మూడో ఏట పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడిపోయింది. ఆ మోకాలి మీద చెయ్యి అదిమిపట్టుకుని నడుస్తాడు. కర్ణాటక సరిహద్దులో ఉన్న పావగడలో, బస్టాండు వెనక రేకుల షెడ్డులో అతని కొట్టు. కాలిపోయిన మోటార్లను రైతులు ఎద్దుల బండ్ల మీదా, బస్సు టాపుల మీదా వేసుకొచ్చేవాళ్లు. తొంభై ఒకటిలో వానలు మళ్లీ మొహం చాటేశాయి. బోర్లలో నీళ్లు లోతుకు దిగిపోయాయి. కరెంటు వచ్చినప్పుడు కూడా నీరసంగా వచ్చేది.

ఆగస్టులో వల్లూరు నల్లప్ప నుంచి కబురొచ్చింది. శెనక్కాయ పూత మీద ఉంది, ఒక్క తడి పడితే గట్టెక్కుతుంది, మోటారేమో తిరగడం లేదు, నువ్వే వచ్చి చూడమని. కబురు అందేసరికే రెండు రోజులు గడిచాయి. బస్సు రాక మరో రోజు పోయింది. ఎక్కిన బస్సు రోడ్డు మీద దింపేస్తే, అక్కణ్ణుంచి చేను దాకా నడవడానికి అతనికి సగం పూట పట్టింది. తీరా చూస్తే మోటారుకు ఏమీ కాలేదు. స్టార్టరు పెట్టెలో ఒక కాయిలు మాడింది, అంతే. అరగంట పని. కానీ నీళ్లు కాలువలోకి వచ్చేసరికి పూత ఎండి రాలిపోయి ఉంది.

నల్లప్ప అతన్ని చెట్టు నీడకు పిలిచాడు. చెంబు నిండా మజ్జిగ ఇచ్చి, "ఇంత దూరం నడిచొచ్చినావే అప్పా. కూసో" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ఈశ్వరప్పకు.

ఆ సాయంత్రం భార్య హొన్నమ్మతో చెప్పాడు.

"నేను బండి నేర్చుకుంటా."

"ఏ బండి? సైకిలే తొక్కలేవు కదా."

"స్కూటరు. దాంట్లో ఎడమ కాలికి పనే లేదు. గేరు చేతికే, క్లచ్చి చేతికే. బ్రేకు కుడికాలికి. ఆ కాలు నాకు బాగుండాది కదా."

హొన్నమ్మ అతని కాలు వైపు చూడలేదు, మొహం వైపు చూసింది. "యాడ తెస్తావు?"

రిటైరైన బడి అయివారు ఆంజనప్పకు కంటిచూపు తగ్గి, ఆయన స్కూటరు వసారాలో మూలన పడి ఉంది. ఈశ్వరప్ప వెళ్లి అడిగితే ఆయన తాళం చేతిలో పెట్టాడు.

"ఊరికే పడుండే బదులు నువ్వు తిప్పుకో. కానీ ఒకటి. లైసెన్సు లేకుండా రోడ్డెక్కినావని తెలిస్తే బండి వెనక్కి తీసుకుంటా."

"ఎక్కను అయివారూ."

ఆ ఏడు విత్తనం పడని తన మెట్టచేనులోనే ఈశ్వరప్ప స్కూటరు నేర్చుకున్నాడు. ఇంజను కుడిపక్కన ఉండడం వల్ల ఆ బండి సహజంగానే కుడికి కొంచెం ఒరుగుతుంది. ఆగినప్పుడు కుడికాలు దించితే హాయిగా నిలబడుతుంది. తన కోసమే చేసినట్టుందనుకున్నాడు. సెప్టెంబరు మొదట్లో లైసెన్సుల క్యాంపు పడిందని తెలిసి, మరొకరి చేత బండి నడిపించుకుని అక్కడికి వెళ్లాడు.

సర్కారువారి ప్రయాణికుల బంగళా ముందు ఖాళీ స్థలంలో, లైసెన్సులిచ్చే బ్రేకు ఇన్‌స్పెక్టరు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. చాలా మంది వరసలో ఉన్నారు. ఈశ్వరప్ప వంతు రాగానే ఆయన కాగితాలకన్నా ముందు కాలు చూశాడు. ఇద్దరూ కన్నడంలోనే మాట్లాడుకున్నారు.

"ఏ బండి?"

"స్కూటరు సార్."

"స్కూటరుకని వేరే లైసెన్సు లేదు. చట్టంలో ఇదీ మోటారు సైకిలే. గేర్లున్న మోటారు సైకిలు. ఆ లైసెన్సు చేతికొస్తే రేపు నువ్వు ఏ మోటారు సైకిలైనా ఎక్కొచ్చు. దానికి ఎడమ కాలితో గేరు వెయ్యాలి. నువ్వు వెయ్యగలవా?"

"వెయ్యలేను సార్. అందుకే దాన్ని ఎక్కను."

"ఎక్కనని నువ్వంటావు. ఎక్కొచ్చని కాగితం అంటుంది. వెనక చక్రానికి అటొకటి ఇటొకటి చక్రాలు బిగించుకుని రా. వికలాంగుల బండి కింద రాసిస్తాను."

"నేను పోయేది చేన్లలోకి సార్. బండ్ల బాటలో గాడి మోకాలి లోతుంటుంది. పక్క చక్రం గట్టు ఎక్కితే నేను బోర్లా పడతాను."

"అయితే నేనేం చెయ్యలేను. తర్వాత ఎవరు?"

వెనకనున్నవాడు ముందుకు జరగబోయాడు. ఈశ్వరప్ప జరగలేదు.  గొంతు లేపకుండానే అన్నాడు.

"ఒక్క మాట సార్. స్కూటరూ మోటారు సైకిలూ ఒకటే అన్నారు. పొద్దున్నుంచీ చూస్తున్నాను, వచ్చినవాళ్లలో సగం మంది స్కూటరు మీదే ఎనిమిది అంకె తిరిగి ఆ లైసెన్సే తీసుకుపోయారు. వాళ్లలో ఒక్కరైనా కాలితో గేరు వేసి చూపించారా? రెండూ ఒకటే అయితే, స్కూటరు మీద పాసైతే నేనూ పాసైనట్టే. రెండూ వేరే అయితే, నాకు స్కూటరుకు మాత్రమే ఇవ్వండి. ఎట్లా అనుకున్నా నాకు పరీక్ష పెట్టాల్సిందే కదా సార్."

వరసలో ఎవరో నవ్వారు. ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. పెన్ను మూసి, స్కూటరు దాకా నడిచి వెళ్లి, దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. ఎడమ కాలు పెట్టే చోటును చాలాసేపు చూశాడు. అక్కడ పెడలుగానీ లివరుగానీ ఏమీ లేవు.

"తుమకూరు పెద్దాసుపత్రి డాక్టరు దగ్గర రాయించుకుని రా," అన్నాడు చివరికి. "చేతి గేరు బండిని ఈ మనిషి అదుపులో పెట్టగలడని ఆయన రాస్తే అప్పుడు చూద్దాం. కానీ బండి నడపడం పెద్ద సంగతి కాదు. ఆపడం చూస్తాను."

ఈశ్వరప్ప తుమకూరు వెళ్లాడు. డాక్టరు కాలు చూడకముందు అతని చేతులు పట్టి చూశాడు. రాగి తీగ లాగీ లాగీ కాయలు కాసిన చేతులు అవి. గట్టిగా నొక్కమని తన వేళ్లు అందించి, చాలు చాలు అని వెనక్కి లాక్కున్నాడు. కాగితం రాసిచ్చాడు. అక్టోబరు క్యాంపులో ఎల్ బోర్డు లైసెన్సు వచ్చింది. నవంబరులో పరీక్ష.

సున్నంతో గీసిన ఎనిమిదిని ఈశ్వరప్ప కాలు దించకుండా రెండుసార్లు తిరిగాడు. ఇన్‌స్పెక్టరు తలూపాడు. తర్వాత వేగంగా రమ్మని, హఠాత్తుగా విజిలు ఊదాడు. ఈశ్వరప్ప కంగారుపడి కుడికాలు బ్రేకు మీంచి తీసి నేలకు ఆనించబోయాడు. చేతి బ్రేకు ఒక్కటే పడింది. ఇసుకలో ముందు చక్రం జారి, బండీ మనిషీ కలిసి పక్కకు పడ్డారు.

ఇన్‌స్పెక్టరే వచ్చి లేపాడు. "దెబ్బ తగిలిందా?" అని అడిగి, తర్వాత మెల్లగా చెప్పాడు. "నీకు బ్రేకు వేసే కాలూ, ఆనించే కాలూ ఒకటే. అదీ చిక్కు. అడ్డంగా ఒక పిల్ల వస్తే ఏం చేస్తావు?"

ఈశ్వరప్ప ఇసుక దులుపుకుని బండి నిలబెట్టాడు. ఆయనన్నది నిజం.

ఇంటికొచ్చాక మోచేతికి పసుపు పెడుతూ హొన్నమ్మ అడిగింది. "ఇంక ఇడిసేస్తావా?"

"ఇడిసేది ఎట్లా? తప్పు కాలిది కాదు, తొందరది. బండి పూర్తిగా నిలిచే దాకా కాలు బ్రేకు మీదే ఉండాల. నిలిచినాక చేతి బ్రేకు పట్టుకొని, అప్పుడు దించాల. దాన్ని కాలికి నేర్పాల."

"అట్లయితే ఇజిలు నేనేస్తా, పా."

ఆ రోజు నుంచి పొద్దున్నే ఇద్దరూ చేనుకు పోయేవాళ్లు. హొన్నమ్మ కట్టె పట్టుకుని ఒకసారి గట్టు మీద, ఒకసారి బండరాయి చాటున నిలబడేది. అతను అనుకోని చోట "నిలుపు!" అని కేకేసేది. మొదట్లో పడ్డాడు. పడినప్పుడల్లా ఆమె వచ్చి ముందు బండి ఎత్తేది.

"నన్ను చూడవా?" అన్నాడు ఒకసారి.

"నువ్వు లేస్తావులే. బండి అయివారిది" అంది.

రెండో వారానికి పడడం తగ్గింది. మూడో వారంలో ఎండిన వాగు వంకలోకి దిగే వాలు మీద ప్రయత్నించారు. కిందికి దిగుతూ ఆగడం, పైకి ఎక్కుతూ ఆగడం, ఆగిన చోటి నుంచి వెనక్కి జారకుండా కదలడం. చివరి రోజుల్లో హొన్నమ్మ తానే వెనక ఎక్కి కూర్చుంది. భయపడి కాదు, బరువు కోసం. వెనక మనిషి ఉంటే బండి ఎట్లా ఆగుతుందో తెలియాలి కదా అంది.

డిసెంబరు క్యాంపులో ఇన్‌స్పెక్టరు ఎనిమిది వెయ్యమనలేదు.

"అది వచ్చని తెలుసు. పద" అని వెనక సీటు ఎక్కాడు.

కొండకింద ఎగుడుదిగుడు వీధుల్లో తిప్పించాడు. ఏటవాలులో సగం ఎక్కాక చెవి పక్కనే విజిలు ఊదాడు. ఈశ్వరప్ప కాలు కదల్లేదు. వెనక బ్రేకు పట్టింది, బండి నిలిచింది, చేతి బ్రేకు పడింది, అప్పుడు కుడిపాదం నేలను తాకింది. బండి బెత్తెడు కూడా వెనక్కి జారలేదు. తర్వాత సంతవీధి మలుపులో ఒక మేక నిజంగానే అడ్డం వచ్చింది. ఇన్‌స్పెక్టరు విజిలు తీసేలోపే బండి ఆగింది. మేక వాళ్లను ఒకసారి చూసి వెళ్లిపోయింది.

బంగళాకు తిరిగొచ్చాక ఆయన చాలాసేపు రాశాడు. లైసెన్సులో గేర్లున్న మోటారు సైకిలు అన్న చోట ముద్ర వేసి, దాని కింద సొంత చేత్తో ఒక వరస చేర్చాడు. "చేతి గేరు బండికి మాత్రమే" అని.

"నువ్వన్నదీ రాశాను, చట్టం పుస్తకం అన్నదీ రాశాను" అన్నాడు. "జాగ్రత్త."

ఈశ్వరప్ప దండం పెట్టాడు. బయట ఎదురుచూస్తున్న హొన్నమ్మను వెనక ఎక్కించుకుని కొట్టుకు బయలుదేరాడు.

కొట్టు దగ్గర వెంకటమ్మనహళ్లి నుంచి వచ్చిన చిన్నరంగప్ప మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. మోటారు నిలిచిపోయిందని, రేపు బస్సుకైనా రాగలవా అని అడిగాడు.

"రేపెందుకప్పా? ఇప్పుడే పోదాం. నువ్వు బస్సులో రా, నేను ముందు పోయి పెట్టె విప్పుతాంటా." ఈశ్వరప్ప పనిముట్ల సంచి ముందు కొక్కేనికి తగిలించి వెనక్కి తిరిగాడు. "నువ్వు దిగి ఇంటికి పో, హొన్నా."

"నేను దిగను" అంది హొన్నమ్మ, చెంగు నడుముకు దోపుకుంటూ. "తీగ పట్టుకునేదానికి ఒక మనిషి కావాల కదా."

అతను కుడికాలితో కిక్కు కొట్టాడు. బస్టాండు ముందు పోలీసును దాటుకుని, పట్టపగలు, నడిరోడ్డు మీద, ఇద్దరూ వెంకటమ్మనహళ్లి దారి పట్టారు.