టవల్ కింద ఇండియా కోచ్

నేను గోల్‌కీపర్‌ని. ఈ సంగతి ముందే చెప్పేస్తే మంచిది. కృష్ణగిరి మామిడి మండీ ఫుట్‌బాల్ టీమ్ ఓడిపోయిన ప్రతిసారీ జనం నా మొహమే చూస్తారు. ముందున్న పదిమంది ఏం వెలగబెట్టారని ఒక్కడూ అడగడు. ఆ పదిమందిని అట్లా ఆడించిన మనిషి సంగతి అసలే ఎత్తరు. ఆ మనిషి పేరు పద్మనాభం. మండీలో పేరున్న దళారి. టీమ్ పెట్టిన నాటినుంచీ మా కోచ్.

ఆయన జన్మలో ఫుట్‌బాల్ ఆడలేదు. అయితేనేం, బంతి కొన్నది ఆయన, పచ్చ జెర్సీలు కుట్టించింది ఆయన, మా ఆటకు స్కూలు గ్రౌండు అడిగి ఇప్పించింది ఆయన. కాబట్టి కోచ్ కూడా ఆయనే. ఆటగాళ్ళను కాయ చూసినట్టే చూసి ఎంచుకున్నాడు. పిక్క నొక్కి చూసేవాడు. గట్టిగా ఉంటే ఫార్వర్డు, మెత్తగా ఉంటే డిఫెన్సు. నా పిక్క నొక్కి ఒక్క మాట కూడా అనకుండా తీసుకుపోయి గోల్లో నిలబెట్టాడు. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది.

ఆయన నేర్పిన ఆట ఒకటే. "బాల్ యాడుందో ఆడికి అందురూ పోండప్పా." మేమూ అట్లాగే పోయేవాళ్ళం. అంతా ఒక మూల గుంపుగా ఉంటే అవతలి టీమ్‌వాడు ఒక్కడు రెండో మూలనుంచి తీరిగ్గా వచ్చి నాకు గోల్ వేసి పోయేవాడు. ఇది చాలదన్నట్టు హాఫ్‌టైములో మల్గోవా మామిడిపండ్లు. గంపలకు గంపలు తెచ్చి, తానే కోసి, తలా ఒక ప్లేటు తినిపించేవాడు. "తినండప్పా, బలం వస్తుంది" అనేవాడు. బలం సంగతేమో గానీ, రెండో హాఫ్‌లో మావాళ్ళు పరుగెత్తలేక తేన్పులు తీస్తూ నడిచేవాళ్ళు. హోసూరు ఫ్యాక్టరీ టీమ్‌వాళ్ళు ఈ సంగతి కనిపెట్టి, మొదటి హాఫ్ అంతా ఊరికే కాలక్షేపం చేసి, పండ్లు అయ్యాక మొదలుపెట్టేవాళ్ళు.

ఏటా సీజను చివర్లో హోసూరు వాళ్ళతో మ్యాచ్. ఏటా ఓటమి. ఓడినా ఆయన మొహం వాడదు. మెడలో నల్లతాడుకు వేలాడే ఇత్తడి విజిల్‌ను తుడుచుకుంటూ, "వచ్చే సంవత్సరం చూసుకుందాము" అనేవాడు. ఆ విజిల్‌ను నిద్రలో కూడా తీసేవాడు కాదని అల్లుడు విష్ణువర్ధన్ చెప్పేవాడు. ఆయన అక్క కొడుకే ఈ విష్ణు, కూతురు నాగజ్యోతిని ఇచ్చి అల్లుణ్ణి చేసుకున్నాడు. విష్ణు మా కెప్టెన్. వాడికి మామ కాబట్టి మా అందరికీ ఆయన మామే.

రెండువేల సంవత్సరం దాటాక ఒక ఏడాది మా టీమ్‌లోకి చంద్రశేఖర్ వచ్చాడు. కాకినాడ అబ్బాయి. కృష్ణగిరి దగ్గర మామిడి రసం డబ్బాలకెత్తే ఫ్యాక్టరీలో ఉద్యోగం. కాలేజీ రోజుల్లో యూనివర్సిటీకి ఆడినవాడు. బంతి లేకుండా ఎట్లా పరుగెత్తాలో వాడు చూపించాడు. బంతి లేనిచోట కూడా ఆట ఉంటుందని మాకు అప్పుడే తెలిసింది.

ఇక మాకందరికీ ఒకటే కోరిక. మామ దిగిపోవాలి, చంద్రశేఖర్ కోచ్ కావాలి. ఈ మాట మామకు చెప్పేదెవరు?

"నేను చెప్పలేనప్పా" అన్నాడు విష్ణు. "ఆ విజిల్ పోతే ఆయన మనిషిగా ఉండడు. నాగజ్యోతి నాకు కూడు పెట్టదు."

"నా తోట కాయంతా ఆయన చేతి మిందనే అమ్ముడయ్యేది" అన్నాడు మారియప్ప. వాడు డిఫెన్సు. మెత్తటి పిక్కల మనిషి.

నన్ను చెప్పమన్నారు. గోల్ వదిలినవాడికి నోరొకటా అంటారని నేను ఒప్పుకోలేదు. చంద్రశేఖర్‌కు మా ఆలోచన చెప్పనేలేదు. చెబితే వద్దంటాడు. ఊరికి కొత్తగా వచ్చినప్పుడు వాడికి గది చూసిపెట్టింది మామే.

అప్పుడే పేపర్లో పడింది, మన దేశం ఫుట్‌బాల్ టీమ్‌కు తర్వాతి కోచ్ ఎవరని. మారియప్ప బుర్ర మొదటిసారి పనిచేసింది. "ఇండియా కోచ్ మాట ఎత్తుదాము. గెలవని కోచ్ తప్పుకోవల్లని మామ నోటితోనే అనిపిద్దాము. అన్నాక ఆయనకే తగులుతుంది." మేమంతా వాడి వీపు తట్టాం.

మ్యాచ్‌కు ముందు శుక్రవారం సాయంత్రం మండీ ఎదుట తిమ్మక్క టీ అంగట్లో కూర్చున్నాం. మామ బెంచీ మధ్యలో, మేము చుట్టూ. చంద్రశేఖర్ ఒక పక్కన టీలో బన్ను ముంచుకుని తింటున్నాడు.

"ఇండియాకు జర్మనీ కోచ్ రావల్ల" అని మొదలుపెట్టాడు మారియప్ప. "వాళ్ళు టైమంటే టైమే."

"అట్లయితే నీకూ ఒకణ్ణి తెప్పించుకో" అంది తిమ్మక్క. "పొద్దున లోడు తెస్తానని చెప్పి పొద్దు గూకినాక వస్తావు."

"బ్రెజిలోడైతే ఇంకా మేలు" అన్నాడు విష్ణు, మామ వైపు చూడకుండా.

"బ్రెజిలోడా!" మామ టీ గ్లాసు కింద పెట్టాడు. "వానికి మన కారం తట్టుకుంటుందా? వచ్చినోడు వచ్చినట్టు కక్కసులో కూచుంటే టీమ్‌ను ఎవురు చూసేది? జర్మనీవాని మాట చెప్పనే వద్దు. వాడు తిట్టినా మనోళ్ళకు అర్థం కాదు. అర్థంకాని తిట్టుకు ఎవుడన్నా పరుగెత్తుతాడా?"

ఈ మాట మాత్రం నిజమే అనిపించింది. అయినా నేను వదల్లేదు. "అట్లయితే మన దేశంలోనే కొత్తోడు కావల్ల మామా. బాగా ఆడినోడు, వయసులో ఉండేవాడు."

మేమంతా చంద్రశేఖర్ వైపు చూశాం. వాడి బన్ను ముక్క టీలో పడిపోయింది. వాడు దాన్ని వేలితో తీసుకునే పనిలో ఉన్నాడు.

మారియప్ప గొంతు సవరించుకుని అసలు ప్రశ్న వేశాడు. "మామా, ఎన్నాళ్ళున్నా గెలిపించలేని కోచ్ ఏం చెయ్యల్ల?"

మామ లేచి నిలబడ్డాడు. "ఏం చెయ్యల్లనా? తనంతట తాను విజిల్ తీసి ఇచ్చి పోవల్ల! ఇంకొకరు చెప్పేదాకా ఉండకూడదు. మర్యాదస్తుడు చేసే పని అది!" అంటూ మెడలో విజిల్ పట్టుకుని మా మొహాల ముందు ఊపాడు. విష్ణుకు టీ పొలమారింది. తిమ్మక్క పాలు తిరగబోయడం ఆపి మమ్మల్ని ఒక్కొక్కరినే చూసింది. ఆయనకు మాత్రం ఏమీ తగల్లేదు. ఎంతో ఉషారుగా ఉన్నాడు.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఆయన ఊరుకోలేదు. "అరిస్తే తేలేది కాదప్పా ఇది. మండీ పద్ధతిలో తేల్చేద్దాము" అని భుజం మీది టవల్ తీశాడు.

మా మండీలో ధర నోటితో చెప్పరు. దళారి తన చేతిమీద టవల్ కప్పుతాడు. రైతు ఒకసారి, వ్యాపారి ఒకసారి దాని కింద చెయ్యి పెట్టి దళారి వేళ్ళు పట్టుకుంటారు. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత ధర. పక్కవాడికి తెలియదు, ఎవరి మర్యాదా పోదు. అది ఆయన తండ్రి మా జిల్లాలోని పోచంపల్లి సంతలో ఎద్దుల బేరాలకు చేసిన పని. ఈయన కృష్ణగిరి మామిడికాయలకు చేస్తున్నాడు.

"ఒక వేలు పట్టుకుంటే బయటి దేశమోడు. రెండు వేళ్ళయితే మన దేశంలోనే కొత్తోడు. చెయ్యంతా పట్టుకుంటే పాతాయనే మళ్ళీ ఉండనీ అని" అన్నాడు మామ. ఈ లెక్క మొదలుకాకముందే చంద్రశేఖర్ ఫోన్ మోగి, వాడు మాట్లాడటానికి రోడ్డు మీదికి పోయాడు.

ఎవరిని దించాలని చూస్తున్నామో ఆయన చెయ్యే పట్టుకుని ఆ మాట చెప్పాలి. ఇండియా గురించే కదా అని మాకు మేమే సర్దిచెప్పుకున్నాం.

మారియప్ప మొదట పోయాడు. మామ నవ్వుతూనే ఉన్నాడు. బేరమప్పుడు ఆయన ఎదుటివాడి మొహం చూడడు, రోడ్డు చూస్తాడు. హోసూరు వైపు పోయే బస్సులు చూస్తూ ఒక్కొక్కరికీ వేళ్ళు అందించాడు. నా వంతు వచ్చింది. నాకు జంకూ గొంకూ ఏమీ లేవు. ఇన్నాళ్ళు తిన్న గోల్స్ అన్నీ గుర్తుచేసుకుని రెండు వేళ్ళు గట్టిగా నొక్కి వచ్చాను. విష్ణు చెయ్యి టవల్ కిందికి పోయి చాలాసేపు అక్కడే ఉంది. బయటికి తీసి ప్యాంటుకు తుడుచుకున్నాడు. అప్పటికి మామ మొహంలో నవ్వు లేదు. బస్సు పోయినా రోడ్డు మీదినుంచి చూపు తిప్పలేదు.

ఫోన్ ముగించుకుని చంద్రశేఖర్ వచ్చాడు. "నేనేం చెయ్యాలండీ?"

"చెయ్యి పెట్టప్పా. నీకు తోచింది చెయ్యి."

వాడు చెయ్యి పెట్టాడు. టవల్ కాస్త పైకీ కిందికీ ఊగింది.

మామ టవల్ విదిలించి భుజాన వేసుకున్నాడు. "ఇండియాకు కొత్త కోచ్ రావల్ల. మనోడే. ఒకరు తప్ప అందురి మాటా అదే" అన్నాడు. మిగిలిన టీ తాగి, చక్కెర తక్కువైందని తిమ్మక్కతో చెప్పి, రేపు ప్రాక్టీసు ఎన్ని గంటలకో చెప్పకుండానే వెళ్ళిపోయాడు.

"తెలిసిపోయిందంటావా?" అన్నాడు విష్ణు.

"ఏమప్పా మీ తెలివి!" అని తిమ్మక్క విరుచుకుపడింది. "చెయ్యి పట్టుకున్నాడంటే ఎదుటోని కడుపులో మాట తెలుసుకునే మనిషాయన. ఆయన చేతికే మీ చేతులిచ్చి ఆయన్నే దించాలని చూసినారా?"

మేము తలలు దించుకున్నాం. కాసేపటికి, ఆ ఒక్కడూ ఎవడని మాలో మాకు గొడవ మొదలైంది. చెయ్యంతా పట్టుకున్న ద్రోహి నువ్వంటే నువ్వని ఒకరి మీద ఒకరం ఎగిరాం. చంద్రశేఖర్ బిక్కమొహం వేసి, "పట్టుకోవడమేంటండీ? పెద్దాయన చెయ్యి చాపారు కదాని షేక్‌హ్యాండ్ ఇచ్చానండీ" అన్నాడు. ఎవరికీ నవ్వు రాలేదు.

ఆదివారం మ్యాచ్‌కు మామ ఎప్పటిలాగే పండ్ల గంపలతో గ్రౌండుకు వచ్చాడు. మెడలో విజిల్ లేదు. చొక్కా మీద తాడు జాడ లేకుండా ఆయన వేరే మనిషిలా కనిపించాడు. ఇస్త్రీ చొక్కా, నుదుట బొట్టు, అన్నీ ఉన్నాయి, అయినా ఏదో బోసిపోయినట్టుంది. మాకు పలకరించే ధైర్యం కూడా లేదు.

"చంద్రశేఖరప్పా, ఇట్ల రా" అని పిలిచి చేతిమీద టవల్ కప్పాడు. వాడు మళ్ళీ షేక్‌హ్యాండే అనుకుని చెయ్యి పెట్టాడు. పెట్టాక వాడి మొహం మారిపోయింది. చెయ్యి బయటికి తీస్తే అందులో ఇత్తడి విజిల్ ఉంది.

"వద్దండీ, నాకెందుకండీ" అంటూ విజిల్ తిరిగి ఇవ్వబోయాడు.

"టైమైంది, ఊదప్పా" అన్నాడు మామ. ఒక ఖాళీ గంప ఎత్తుకుని పోయి నా గోల్ వెనక బోర్లించుకుని కూర్చున్నాడు.

ఆ రోజు మేము నిజంగా ఆడాం. గుంపు కట్టలేదు. హాఫ్‌టైములో చంద్రశేఖర్ గంపల దగ్గరికి ఎవర్నీ పోనివ్వక నిమ్మకాయ నీళ్ళు ఇచ్చాడు. హోసూరు వాళ్ళు మా తేన్పుల కోసం ఎదురుచూసి మోసపోయారు. చివరిదాకా చెరొక గోల్. ఆఖర్న మెల్లగా దొర్లుకుంటూ వచ్చిన బంతి, నేను వంగి పట్టుకున్న బంతి, నా చేతుల్లోంచి జారి లోపలికి పోయింది. ఓడిపోయాం.

జనం నా మొహం చూశారు. నేను గోల్ వెనక్కి వెళ్ళి మామ పక్కన నేలమీద కూలబడ్డాను. ఆయన పండు కోసి ముక్క చేతిలో పెట్టాడు. తిన్నాను. ఏడుపొచ్చింది. ఓడినందుకో ఇంకెందుకో చెప్పలేను.

"నువ్వు పట్టుకున్న వేళ్ళు ఇంకా నొప్పిగా ఉండాయప్పా" అన్నాడాయన.

నాకు ఒళ్ళు మండింది. "ఆ అబ్బి నీ మింద ప్రేమతో ఏమీ చెయ్యి పట్టుకోలేదు మామా! వానికి వేళ్ళ లెక్కే తెలీదు. ఊరికే షేక్‌హ్యాండ్ ఇచ్చినాడు. దానికి విజిల్ ఇచ్చేసినావు!"

"తెలీక ఇచ్చినాడని నాకు తెలీదా?" అన్నాడు మామ, కత్తి తుడుచుకుంటూ. "విజిల్ ఇచ్చింది దానికి కాదు. వాడు ఆట తెలిసినోడు. మీరందురూ చెప్పినారు, నేను విన్నాను." పండు తొక్కలు ఒక పక్కకు తోశాడు. "అయినా అంత మందిలో ఒక్కడన్నా చెయ్యంతా ఇచ్చినాడే అని, ఆ పొద్దు బాగానే ఉండింది."

ఆయన భుజం మీది టవల్ లాగి, ఆయన చేతిమీద కప్పి, కిందినుంచి నా చెయ్యి దూర్చాను. వేళ్ళ లెక్క చూడలేదు. చెయ్యంతా పట్టుకున్నాను, మామిడి రసం కారుతున్న చేత్తోనే.

ఆయన రోడ్డు వైపు చూపు తిప్పుకున్నాడు. చెయ్యి మాత్రం చాలాసేపు వదల్లేదు.

"ఈ పట్టు ఆ బాల్ మింద పట్టింటే ఓడకపోదుము కదప్పా" అన్నాడు.