వెనక వరసలో డెల్ఫిన్ సార్

మధ్యాహ్నానికే కొండ మీది బగియో ఊరంతా పొగమంచు దిగిపోయింది. రోసెండా ఆయాసపడుతూ స్కూలు మెట్లెక్కి, తరగతి గదిలో వెనక వరసలో కూర్చుంది. పక్క కుర్చీ ఖాళీ.

పొద్దుటి నుంచీ ఆమె డెల్ఫిన్ సార్ చావింట్లోనే ఉంది. విదేశాల నుంచి వచ్చిన పిల్లలకి ఏళ్ల తరబడి ఈ గదిలోనే ఇంగ్లిషు వ్యాకరణం చెప్పిన మనిషి. ఇప్పుడు ఆయన ఉద్యోగం కోసమే ఆమె వచ్చింది. కూర్చున్న చోటు నుంచి కదలకుండా పాఠమంతా గమనించాలి. గమనించినదేమిటో చివర్లో చెప్పాలి. నచ్చితే ఉద్యోగం ఆమెది.

చావింటి నుంచి తిన్నగా ఇంటికి పోకూడదు. దారిలో ఎక్కడైనా ఆగి, వెంట వచ్చిన ఆత్మల్ని దులిపేసుకుని మరీ పోవాలి. దాన్నే పగ్‌పగ్ అంటారు. అందరూ ఏ కాఫీ కొట్లోనో ఆగుతారు. రోసెండాకి అంత తీరిక లేకపోయింది. స్కూల్లో ఆగుతున్నానుగా, అదే చాలనుకుంది. ఇంట్లో ఉయ్యాల్లో పసిపాప ఉంది. దాని దగ్గరికి మాత్రం ఎవర్నీ వెంటబెట్టుకు పోకూడదు.

"కెవిన్, నిన్నేం చేశావో చెప్పు," అంది పాఠం చెబుతున్న పెర్పెతువా మేడమ్.

కొరియా కుర్రాడు లేచాడు. "యెస్టర్‌డే ఐ గో టు మార్కెట్."

టక్, టక్.

పక్క కుర్చీకున్న రాతపలక మీద ఎవరో ఉంగరంతో తట్టినట్టు.

మేడమ్ వెనక్కి చూసింది. "చూడ్డానికొచ్చినవాళ్లు చూస్తే చాలు తల్లీ. తప్పులు నేను దిద్దుతాను."

"కొత్త టీచర్ అప్పుడే బెత్తం పట్టింది!" అన్నాడు కెవిన్. అందరూ నవ్వారు. రోసెండా రెండు చేతులతోనూ ఒళ్లోని సంచీని గట్టిగా పట్టుకుంది.

తర్వాత వియత్నాం పిల్ల హాన్ లేచింది. "మై సిస్టర్ కుక్ రైస్ లాస్ట్ నైట్..."

టక్, టక్.

"సారీ, సార్," అంది హాన్, డెల్ఫిన్ సార్ ఇలాగే తట్టి తప్పులు దిద్దిన రోజుల అలవాటు కొద్దీ. మరుక్షణమే బిక్కచచ్చిపోయింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మేడమ్ చూపు రోసెండా చేతుల మీద పడింది. అవి సంచీ మీదే ఉన్నాయి. ఆమె దగ్గరికొచ్చి, పిల్లలకి అర్థం కాకుండా సొంత భాషలో గొంతు తగ్గించి అడిగింది.

"ఎక్కణ్ణుంచొస్తున్నావే?"

"సార్‌ని చూసి..."

"దారిలో ఎక్కడాగావు?"

"ఇక్కడే, మేడమ్."

"ఇక్కడా! ఈ పిల్లలు పడుకునేది పై అంతస్తులోనే. వాళ్లకి కాపలాగా నేనూ అక్కడే. నీ ఇంటికి వద్దని మా ఇంట్లో దింపుతావా?"

రోసెండా పక్క కుర్చీ వైపు చూసింది. ఆయన పాతచోటే. హాయిగా కుదురుకున్నాడు. మాట్లాడకుండా కూర్చుంటే ఇక్కడే ఉండిపోతాడు. తన పాపకి ఏ భయమూ ఉండదు. ఎదురుగా హాన్ కోటు బిగించుకుని వణుకుతోంది. దాని తల్లి ఎక్కడో సముద్రం అవతల ఉంది.

"లేస్తే ఉద్యోగం పోయినట్టేనా మేడమ్?"

"ముందు ఆయన్ని లేపు. మిగతాది రేపు మాట్లాడుకుందాం."

రోసెండా లేచింది. "సార్, రండి. కాఫీ తాగొద్దాం."

ఖాళీ కుర్చీ కిర్రుమంటూ వెనక్కి జరిగింది.

వాలు దిగుతుంటే ఆమె మెడ మీద చల్లటి ఊపిరి తగులుతూనే ఉంది. రొట్టెల కొట్లో మూలబల్ల దగ్గర కూర్చుని కాఫీ చెప్పింది. కప్పు వచ్చాక పెదాలు కదిలీ కదలకుండా గొణిగింది: "యెస్టర్‌డే ఐ గో టు స్కూల్."

గాజుబల్ల మీద టక్, టక్.

వచ్చాడు. ఆమె కప్పుని ఎదుటి కుర్చీ వైపు జరిపింది. "వేడిగా ఉంది సార్. నిదానంగా తాగండి." లేచి గుమ్మం వైపు నడిచింది. గల్లా దగ్గర ఎవరో విదేశీ కుర్రాడు తప్పుల ఇంగ్లిషులో రొట్టె అడుగుతున్నాడు. వెనక మూలన మళ్లీ ఉంగరం చప్పుడు.

"ఎవరండీ అక్కడ?" అంది కొట్టుపిల్ల.

రోసెండా తిరిగి చూడలేదు.

ఇల్లు చేరి కూడా గడప బయటే నిలబడిపోయింది. గట్టిగా అంది: "యెస్టర్‌డే ఐ గో టు స్కూల్!"

లోపల్నుంచి తల్లి నవ్వింది. "ఈ ఇంగ్లిషుకే ఉద్యోగం ఇస్తారటే నీకు?"

రోసెండా ఊపిరి బిగబట్టి విన్నది. ఉయ్యాల తాడు ఒక్కటే కిర్రుమంటోంది. ఇంకేమీ లేదు.

అప్పుడు లోపల అడుగుపెట్టింది.