రబ్బరు మొక్కకు తలంటు

ఆకు కింద ఎడమ అరచెయ్యి పెట్టి, పైన తడిగుడ్డతో తుడుస్తోంది బసవమ్మ. గుడ్డ తెల్లబడింది. పిడుగురాళ్ల అవతల, సున్నపు బట్టీల మధ్య ఉన్న ఆఫీసు అది. తలుపులు ఎంత బిగించినా దుమ్ము లోపలికి వచ్చి కూర్చుంటుంది. తుడవటం అయ్యాక కొబ్బరినూనె వేళ్లకు రాసుకుని ఆకంతా పట్టించింది. ఆకు నిగనిగలాడింది. దాని కింది ఆకు మాత్రం, ఎవరూ ముట్టుకోకుండానే, రాలి ఆమె కాళ్ల దగ్గర పడింది.

"మొన్నేగా నీకు నూనె పెట్టింది. ఇంకేం గావాలే నీకు?" అంది మొక్కతో.

బసవమ్మ జుట్టు నెరిసిందో, సున్నం పట్టిందో చెప్పటం కష్టం. చిన్నప్పటి నుంచీ బట్టీల్లో రాయి మోసింది. దగ్గు ముదిరాక నరసరావుపేట డాక్టరు, మళ్లీ ఆ దుమ్ములోకి వెళ్తే వచ్చే చలికాలం దాటవని చెప్పేశాడు. ఓనరు చెన్నకేశవులు జాలిపడి ఆఫీసు ఊడ్చే పనిలో పెట్టాడు. తన కూతురు కొన్న రబ్బరు మొక్కను కనిపెట్టుకుని ఉండటమే నీ అసలు పని అని నలుగురి ముందూ అన్నాడు. ఆ మాట ఆయనతో సహా అందరూ మర్చిపోయారు. బసవమ్మ మర్చిపోలేదు. మొక్క పోతే తాను మళ్లీ బట్టీకే.

మట్టి ఆరాకే నీళ్లు పోస్తుంది. కిటికీ వెలుగు తగిలేలా కుండీని తిప్పుతుంది. కొస చిగురు ఎర్రటి తొడుగులో చుట్టుకుని ఉందే గాని ఎన్నాళ్లకూ విచ్చుకోవటం లేదు. ఎక్కడ తేడా వస్తోందో ఆమెకు అంతుబట్టలేదు. దిష్టేమోనని ఎండుమిరపకాయలు కూడా తిప్పి నిప్పుల్లో వేసింది. మొక్కకు దిష్టేమిటని మనకు నవ్వొస్తుంది గాని, బతుకు దాని మీద ఆధారపడ్డ మనిషికి రాదు.

లెక్కలు చూసే రాజేశ్వరి చివరికి ఫోన్లో వెతికింది.

"ఇది మర్రి, జువ్వి జాతేనంట పిన్నీ. అడవిలో అయితే ఊడలు దిగి చానా పెద్ద చెట్టవుద్దంట. ఒకప్పుడు దీని పాలతో రబ్బరు చేసేవాళ్లంట."

"ఆకులు ఎందుకు రాలతన్నయ్యో చూడమ్మా."

రాజేశ్వరి ఫోన్ను వేలితో కిందికి జరుపుతూ చదివింది. "నూనె రాయకూడదంట. ఆకుతోనే ఊపిరి తీసుకుంటదంట ఇది. నూనెకి దుమ్ము అంటుకుంటే ఊపిరాడదంట."

బసవమ్మ అయోమయంగా చూసింది. బట్టీ దగ్గరికి వెళ్లే ముందు కాళ్లకూ చేతులకూ నూనె పట్టించుకోవటం వాళ్లమ్మ నేర్పింది. చెమటకు సున్నం తగిలితే ఒళ్లు ఉడికిపోతుంది. నూనెపూతే అక్కడ ఒంటికి కాపుదల. తనను అన్నేళ్లు కాచిన నూనె దీన్ని ఎలా చంపుతుంది? ఎటు నుంచి ఆలోచించినా మళ్లీ మొదటికే వస్తోంది.

"ఆకుకి పట్టింది కడిగితే పోద్ది. లోపల పట్టినదానికి ఏం జెయ్యాలంట?"

"అది ఇందులో లేదు పిన్నీ."

నూనె పోవాలంటే తలంటు ఒక్కటే ఆమెకు తెలిసిన దారి. ఇంటికెళ్లి కుంకుడుకాయలు కొట్టి, సత్తు గిన్నెలో రసం పిసికి తెచ్చింది. కుండీని బయట కుళాయి దగ్గరికి ఈడ్చి, ఒక్కో ఆకునూ రుద్ది కడిగింది. మధ్యలో దగ్గు తెర వచ్చి గోడకు ఆనుకుంది. ఒక ఆకు తొడిమ విరిగి తెల్లటి పాలు కారితే, "అయ్యో తల్లీ" అని వేలితో అదిమి పట్టింది. కడిగిన ఆకులు మునుపటిలా మెరవలేదు. మామూలు ఆకుల్లా ఉన్నాయి. అది చూసి ఆమెకు ఎందుకో ఏడుపొచ్చింది.

అప్పుడే చెన్నకేశవులు కారు వచ్చి ఆగింది. డ్రైవరు వెనక సీట్లోంచి ప్లాస్టిక్ మొక్కను దించాడు. అచ్చం రబ్బరు మొక్కే.

"పాలుగారే చెట్టు యాపారం కాడ ఉండకూడదన్నాడు వాస్తు చూసేటాయన. ఇదైతే రాలదు, ఎండదు. నీకూ దాని బాధ తప్పింది," అన్నాడు చెన్నకేశవులు. "రాయి లారీ వచ్చింది. దించటానికి మనుషులు చాలట్లేదు. నువ్వు బట్టీ కాడికి పో బసవమ్మా."

చెడ్డవాడేం కాదు. ఆమెకు మేలే చేశాననుకున్నాడు.

"దీనికి దుమ్ము పట్టదా అయ్యా?"

"పడితే దులుపుతాం."

"సార్, పిన్నికి దగ్గు..." అని రాజేశ్వరి మొదలుపెట్టింది. ఆయన అప్పటికే ఫోన్లో పడ్డాడు.

బసవమ్మకు భయమేసింది. తడి ఆకుల మొక్కను గోడ పక్కకు, బట్టీ గాలి తగలని వైపుకు జరిపింది. కొంగు ముక్కుకు చుట్టుకుని లారీ వైపు నడిచింది.

సాయంత్రం రాజేశ్వరి తాళం వేసి వస్తుంటే కుళాయి దగ్గర సత్తు గిన్నె అక్కడే ఉంది. అడుగున కుంకుడు పిప్పి, అంచు వెంట ఇంకా ఆరని నురుగు.