ఇదే రోజున కూలిన వంతెన

రేడియోలో పెద్దకూతురి గొంతు వినిపించేదాకా ఆ ఇంట్లోంచి ఎవరూ గడప దాటకూడదు. అది తల్లి పెట్టిన చట్టం.

పెద్దది రేడియో స్టేషన్లో అనౌన్సరు. పొద్దున్నే వార్తలయ్యాక ‘చరిత్రలో ఈ రోజు’ చదువుతుంది. ఏ దేశంలోనో ఎప్పుడో ఓడ మునిగిన తేదీ అయితే ఆ రోజు ఇంట్లోవాళ్ళు పడవ ఎక్కరాదు. రైలు పట్టాలు తప్పిన తేదీ అయితే రైలు మాట ఎత్తకూడదు. అగ్నిపర్వతం పేలిన రోజున ఏం చెయ్యాలో పాలుపోక, తల్లి పొయ్యి దగ్గర మాత్రం రెండుసార్లు చూసుకునేది. నవ్వేవాళ్ళు నవ్వుకునేవారు. ఆమె భర్త ఒక పొద్దున లాంచీ ఎక్కి, చెయ్యూపి, మళ్ళీ రాలేదు. అందుకని ఆమె ముందు ఎవరూ గట్టిగా నవ్వేవారు కాదు.

ఆ పొద్దున చిన్నకూతురు బూట్లు వేసుకుని సిద్ధంగా కూర్చుంది. ఆమె వంతెనలు కట్టే కంపెనీలో ఇంజినీరు. ఊరి చివర కాలువ మీద కొత్త వంతెనకి ఇవాళ బరువు పరీక్ష. ఇసుక నింపిన లారీలు ఒకదాని వెనక ఒకటి పైకి ఎక్కుతాయి. కింద నిలబడి, వంతెన ఎంత వంగిందో చూసి కేక వెయ్యడం చిన్నదాని పని.

రేడియోలో పెద్దది మొదలుపెట్టింది. ఇదే రోజున ఒక బెలూను మనుషులతో గాల్లోకి లేచింది. ఇదే రోజున ఒక మహారాణికి పట్టాభిషేకం. ఒక రోగానికి మందు దొరికింది. ఒక వేణువిద్వాంసుడు పుట్టాడు. నమస్కారం.

“చూశావా? అంతా శుభమే,” అని చిన్నది లేచింది. “మహారాణిగారి దయవల్ల వెళ్ళొస్తా.”

తల్లి కదల్లేదు. చేతిలో టీ గ్లాసు అలాగే ఉంది. ఇన్నేళ్ళుగా ఒక్క పొద్దు తప్పకుండా వింటోంది. చావులేని తేదీ ఏడాదిలో ఒక్కటి కూడా లేదని ఆమెకి తెలుసు. ఎంత మంచి రోజయినా అందులో ఎవరో ఒకరు పోయే ఉంటారు. ఇవాళ ఎవరూ పోలేదంటే, ఎవరినో దాచిపెట్టారన్నమాట.

“ఉండవే,” అని ఫోను తీసి పెద్దదానికి చేసింది. “ఏం తీసేశావు?”

“ఏం తియ్యలేదమ్మా.”

“నా దగ్గరా దాపరికం? చెప్పు. ఏం కూలింది?”

“వంతెన,” అంది పెద్దది చివరికి. “ఎక్కడో, ఎప్పుడో. పరీక్ష చేస్తుంటేనే కూలిందట. నీ కోసం తియ్యలేదమ్మా. రాత్రి చెబితే చెల్లే తీసెయ్యమంది. నా నోటంట వింటే తన కాళ్ళు కదలవంది.”

తల్లి ఫోను దించి చిన్నదానివైపు చూసింది. ఇందాకటిదాకా హాస్యాలాడిన పిల్ల బూటు లేసు ముడి విప్పుతోంది, మళ్ళీ వేస్తోంది, మళ్ళీ విప్పుతోంది.

“లెక్క కట్టింది నేనేనమ్మా,” అంది తలెత్తకుండా. “పదిసార్లు చూసుకున్నా. సరిగ్గానే ఉంది. అయినా కళ్ళు మూస్తే కూలిపోతోంది.”

“మానెయ్. జ్వరమని చెప్పు.”

“నేను మానేసినా లారీలు ఎక్కుతాయి. ఎక్కడ ఆపాలో కింద నుంచి చెప్పాల్సింది నేను. ఆ డ్రైవర్లకీ అమ్మలుంటారు కదా.”

భయపడటంలో ఆ ఇంట్లో తనని మించినవాళ్ళు లేరనుకునేది తల్లి. తన పక్కనే, తన కడుపున పుట్టినదే, అంత భయాన్ని నవ్వుల కింద కప్పుకుని తిరుగుతోందని తెలియనే లేదు. వద్దంటే ఆగిపోయేలా ఉంది. ఆ ఒక్క మాట నాలిక చివరిదాకా వచ్చింది.

“పద, నేనూ వస్తా,” అంది.

కాలువ గట్టున తాడు కట్టి, బయటివాళ్ళు ఇవతలే ఉండాలన్నారు. “పెద్దమ్మగారూ, తమాషా చూడ్డానికొచ్చారా? ఇక్కడ కూర్చోండి,” అని మేస్త్రి ఒక ఇటుక చూపించాడు. ఆమె కూర్చోలేదు. చిన్నది టోపీ పెట్టుకుని వంతెన కిందకి వెళ్ళి, వంపు ఎంతో చూపే, గడియారంలా ఉన్న ఒక పరికరం దగ్గర ఒంగుంది. అందులో ముల్లు ఇరవై దాటితే లారీలు వెనక్కి రావాలి.

మొదటి లారీ ఎక్కింది. “నాలుగు!” అని కేక వినిపించింది. తల్లి తనకి తెలియకుండానే “ఆఁ” అంది.

రెండోది. “తొమ్మిది!”

“ఆఁ.”

మూడోది ఎక్కుతుంటే ఎక్కడో టప్పుమంది. మేస్త్రి ముఖంలో నెత్తురు చుక్క లేదు. లారీ మధ్యకొచ్చి ఆగింది. కేక రాలేదు.

“ఎంతమ్మా?” అని పైనుంచి పెద్ద ఇంజినీరు అరిచాడు. డ్రైవరు తలుపు తీసి ఒక కాలు బయటపెట్టాడు.

తల్లి తాడు కిందనుంచి దూరింది. వెనక నుంచి ఎవరో చీర కొంగు పట్టుకోబోయారు. వంతెన నీడలోకి అడుగు పెట్టగానే ఒళ్ళు చల్లబడిపోయింది. నెత్తిమీద మూడు లారీల ఇంజన్లు గుర్రుమంటున్నాయి. సన్నగా దుమ్ము రాలుతోంది. చిన్నది పరికరం ముందు బిగుసుకుపోయి ఉంది. పెదాలు ఆడుతున్నాయి గాని మాట పెగలడం లేదు. వేలు మాత్రం ముల్లువైపు చూపించింది.

తల్లి కళ్ళు చికిలించింది. ముల్లు వణుకుతోందో, తన చూపే వణుకుతోందో తెలియలేదు. ఇంకా దగ్గరికి ఒంగింది.

“పదిహేను!” అని అరిచింది.

“ఎవరది?” అన్నాడు పెద్ద ఇంజినీరు.

“దీని అమ్మని! పదిహేను!”

పైన కాసేపు గుసగుసలు. మళ్ళీ పెద్ద ఇంజినీరే అన్నాడు, “సరే, ఆ టప్పుమన్నది వంతెన కాదు, లారీ చక్రం కింద విరిగిన చెక్క. మేం చూశాం. లారీల్ని కాసేపు అలాగే ఉంచాలి. ముల్లు కదులుతుందేమో చూసి చెబుతూ ఉండండి.”

అలాగే ఉంచాలట. తల్లికి పైప్రాణాలు పైనే పోయాయి. అయినా కూతురి చెయ్యి పట్టుకుని, తడి మట్టిలోనే చతికిలబడింది. ఆ చెయ్యి మంచుగడ్డలా ఉంది. తనదీ అంతే.

“చదువుతూ ఉండమ్మా,” అంది చిన్నది. “ఆపకు.”

“పదిహేను,” అంది తల్లి, ముల్లు మీంచి చూపు తిప్పకుండా. “పదిహేనే. ఇంకా పదిహేనే.”