గోడ పళ్లు

ఇంకో నెలలో వానలు దిగుతాయనగా ఇలారియోన్ మేస్త్రి వచ్చి నికాసియా ఇంటి తూర్పు గోడను వేలితో గీకి చూశాడు. మట్టి పిండిలా రాలింది.

"పళ్లు అరిగిపోయాయమ్మా. ఈసారి నీళ్లు గోడలోకి దిగుతాయి. చెక్కేసి నున్నగా మెత్తేద్దాం. ఒక్క పూట పని," అన్నాడు.

ఆ కొండ ఊళ్లో ఇల్లు ఒకేసారి కట్టరు. అంత స్తోమతా లేదు, అవసరమూ లేదు. పెళ్లైన ఏడాది ఒక గదీ, పొయ్యీ. తూర్పు గోడ కొసల్లో వరస విడిచి వరస పచ్చి ఇటుక బయటికి పొడుచుకొచ్చేలా వదులుతారు. అవే గోడ పళ్లు. బిడ్డ పుడితే వాటికి అతికించి ఇంకో గది వేస్తారు, కోడలొస్తే మరొకటి. ఊరంతా వచ్చి మట్టి తొక్కుతుంది. రేపు వాళ్లింటికి మనం వెళ్లి తొక్కాలి. చేతికి చెయ్యి బదులు, దాన్నే ఐని అంటారు. పళ్లు చెక్కేశారంటే ఆ ఇల్లు ఇక పెరగదని దారిన పోయేవాడికి కూడా తెలిసిపోతుంది.

నికాసియాది పన్నెండేళ్లుగా ఒక్క గదే. కట్టిన ఏడాదే మొగుడు సెలెస్తీనో నిమ్ము చేరి పోయాడు. పిల్లల్లేరు. ఊళ్లో ఎవరు గది వేసినా ఆమె మాత్రం మోకాళ్లదాకా మట్టిలో దిగేది. ఇప్పుడు తన బతుకు ఇక్కడితో ఆగిపోయిందని గోడ మీద మెత్తి చూపిస్తామంటే ఆమెకు ప్రాణం ఒప్పలేదు.

"చెక్కొద్దు మామా. గది వేయండి."

"ఎవరికే?"

"కప్పు వేసిన రోజు చెప్తాలే," అంది.

ఇంకేముంది! నిప్పు లేనిదే పొగ రాదంటూ ఊరు తనే నిప్పు వెతుక్కుంది. ఒంటరి ఆడది రెండో గది వేస్తోందంటే పెళ్లే. ఎవరితో? ఉన్ని కోసం అల్పాకాలు మేపుకునే పొలికార్పోకి పెళ్లాం పోయి మూడేళ్లు. పాపం, అతనూ నమ్మేశాడు. గడ్డం గీసుకుని, పండగ టోపీ పెట్టుకుని మట్టి తొక్కడానికి వచ్చాడు.

"ఏం వదినా, ఆలూ చూలూ లేకుండానే గదా?" అంది ఆడపడుచు బసీలియా, మట్టిలో గడ్డి కలుపుతూ. "పెళ్లికొడుకు కొలతలిస్తే గుమ్మం ఎత్తు పెంచుదాం. టోపీ తగుల్తుందేమో!"

ఆడవాళ్లు పగలబడి నవ్వారు. నికాసియా కూడా నవ్వింది. నిజం చెప్పేస్తే రేపు ఎవరూ రారని భయం. పన్నెండేళ్ల తర్వాత తన వాకిట్లో నలుగురి నవ్వు వినబడుతోంది. దాన్ని చేజేతులా పోగొట్టుకోవడానికి ఆమెకు మనసు రాలేదు.

పది రోజులకు కప్పు గడ్డి చివరి కట్ట పడింది. ఇక ఇంటి కొప్పు మీద సిలువ కట్టి, ఆ గదిలో పడుకునే మనిషి పేరు ఎలుగెత్తి పిలవాలి. కింద నుంచి ఊరంతా మూడుసార్లు పిలవాలి. పేరు పిలవని గదిలో ఎవరూ పడుకోరు. మేస్త్రి భార్య దొమింగా సిలువ పట్టుకుని నిచ్చెనెక్కింది.

"చెప్పు పిల్లా, ఎవరి పేరు?"

తలలన్నీ పొలికార్పో వైపు తిరిగాయి. అతను టోపీ సర్దుకున్నాడు.

"నికాసియా," అందామె.

"నీ పేరు కాదే తల్లీ! పడుకునేవాళ్ల పేరు."

"నేనే పిన్నీ. ఇంకెవరూ లేరు. ఎవరూ రారు కూడా."

దొమింగా సిలువ పట్టుకుని నిచ్చెన మీదే ఆగిపోయింది.

"ఇదేం చోద్యం?" అని బసీలియా లేచింది. "ఒక్క మనిషికి రెండు గదులా? మమ్మల్ని మాయ చేసి మట్టి తొక్కించుకున్నావన్నమాట!"

"మాయే వదినా. కాదనను. కానీ నీ నలుగురు పిల్లల గదులకూ తొక్కాను. ఎవరి కోసమని ఒక్కసారైనా అడిగానా?"

బసీలియా తల దించుకుంది. అప్పుడు పొలికార్పో టోపీ తీశాడు. అతని మొహం కందగడ్డలా ఎర్రబడింది.

"నికాసియా!" అని అరిచాడు, గొంతు పగిలేలా.

దొమింగా అందుకుంది. తర్వాత ఊరంతా పిలిచింది, మూడుసార్లు. ఇన్నేళ్లూ ఆమె ఒకరికి వదిన, ఒకరికి పిల్ల, మిగతావాళ్లకు సెలెస్తీనో పెళ్లాం. ఇప్పుడు అంతమంది నోట తన పేరే వినబడింది.

ఉడికిన బంగాళాదుంపలు తిని, మొక్కజొన్న కల్లు చిచా తాగి, పొద్దు వాలకముందే అందరూ వెళ్లిపోయారు. వాళ్ల ఇళ్లల్లో మందలున్నాయి, పిల్లలున్నారు.

నికాసియా కొత్త గదిలో నిలబడింది. తడి మట్టి వాసన. ఒక్క గది ఉన్నంతకాలం ఎవరినీ పిలవాల్సిన పని లేకపోయింది. రెండు గదులున్న ఇళ్లల్లో మనుషులు ఈ గదిలోంచి ఆ గదిలోకి కేకేసుకోవడం ఆమె రోజూ వింటూనే ఉంది.

"నికాసియా!" అని పిలిచింది, పాత గది వైపు.

గుమ్మం దాటి పాత గదిలోకి వెళ్లి, పొయ్యి పక్కన నిలబడి, "ఆఁ, వస్తున్నా," అంది.